డీజే వచ్చాడా, వచ్చిందా?

పెళ్ళివారింట్లో ఎవరి మాటలైనా వినండి. "డీజే వచ్చిందా?" అని ఒకరు అడుగుతారు. "ఇంకా రాలేదు, దారిలో ఉంది" అని ఇంకొకరు జవాబిస్తారు. వాళ్ళు మాట్లాడుకుంటున్నది బాక్సుల గురించి, యాంప్లిఫయర్ గురించి, లైట్ల గురించి, వాటిని మోసుకొచ్చే వ్యాను గురించి. వాటి వెనక నిలబడి నాలుగైదు గంటలపాటు పాట మీద పాట అందించే మనిషి ఆ మాటల్లో ఎక్కడా లేడు. ఇంగ్లీషులో డిస్క్ జాకీ అన్నది మనిషి పేరు. మన దగ్గరికి వచ్చేసరికి అది సామాను పేరయింది. డీజే పెడతారు, డీజే కడతారు, పోలీసులు డీజేని సీజ్ చేస్తారు.

వ్యాకరణం చదువుకున్నవాళ్ళకి ఇక్కడ ఇంకో సంగతి తడుతుంది. 'వచ్చాడు' మగవాడికి. 'వచ్చింది' ఆడమనిషికీ, ఆవుకీ, బస్సుకీ, బాక్సుకీ. మహత్తు, అమహత్తు అని మన వ్యాకర్తలు చేసిన విభజన ఏకవచనంలో స్త్రీని ఏ గట్టున నిలబెట్టిందో మనలో చాలామందిమి క్లాసులో విన్నాం, కొందరం క్లాసులో చెబుతున్నాం కూడా. "డీజే వచ్చింది" అన్న వాక్యంలో యంత్రమూ స్త్రీ ఒకే క్రియని పంచుకుంటున్నారు. ఇది భాషలో యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఈ పని గురించి, ఈ పనిలోకి వచ్చిన ఆడవాళ్ళ గురించి సమాజం మాట్లాడే తీరు గమనిస్తే ఆ యాదృచ్ఛికాన్ని అంత తేలిగ్గా వదిలెయ్యలేం.

డీజే పనికి నైపుణ్యం అవసరమా, దానికి గౌరవం ఇవ్వాలా అన్న ప్రశ్న ఒక సాహిత్య పత్రికకి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. ఆ గౌరవం నిరాకరించేవాళ్ళు చెప్పే కారణం నిజానికి ఒక సాహిత్య సిద్ధాంతం. "ఎవరో రాశారు, ఎవరో బాణీ కట్టారు, ఇంకెవరో పాడారు. ఇతను చేసిందేముంది, మీట నొక్కడం తప్ప?" అంటారు. అంటే కొత్తది పుట్టించడం మాత్రమే సృష్టి. ఉన్నవాటిలోంచి ఏరడం, వరస పెట్టడం, ఎదుటివాళ్ళ ఆకలి చూసి వడ్డించడం సృష్టి కిందకి రావు. ఈ సిద్ధాంతం మనకి కొత్తది కాదు. వంటింటి నుంచి సంకలనాల దాకా స్త్రీల శ్రమను లెక్కలోంచి తీసేసింది ఇదే. అందుకే ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన బాధ్యత మనకి కొంచెం ఎక్కువే ఉందనుకుంటాను.

ముందు పని సంగతి చూద్దాం. గాజువాక వైపు బంధువుల పెళ్ళిలో డీజే కుర్రాడి పక్కన చాలాసేపు కూర్చున్నాను. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు కార్మికుడి కొడుకు. ఇంటర్ తర్వాత సౌండ్ సామాను అద్దెకిచ్చే షాపులో చేరి, వైర్లు చుట్టడం నుంచి మొదలుపెట్టి ఈ పని నేర్చుకున్నాడు. హెడ్‌ఫోను ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవి జనానికి వదిలాడు. హెడ్‌ఫోనులో తర్వాతి పాట ముందే మొదలవుతుంది. జనం వింటున్న పాట నడకకి దీని నడకని కలపాలి. నిమిషానికి ఎన్ని దెబ్బలన్నది కలిసినంత మాత్రాన సరిపోదు, ఆవృతం ఎక్కడ మొదలవుతోందో అదీ కలవాలి. రెండు పాటల మంద్రధ్వని ఒకేసారి మోగితే బురదగా వినిపిస్తుంది కాబట్టి ఒకదాని బేస్ తగ్గించి రెండోదానిది పెంచాలి. మన జానపద వరసలు చాలావరకు తిశ్రగతిలో నడుస్తాయి. సినిమా డాన్సు పాటలు ఎక్కువగా చతురశ్రం. ఒకదాని నుంచి ఇంకోదానికి దాటాలంటే మధ్యలో ఊపిరి తీసుకునే చోటు వెతకాలి. లేకపోతే ఆడుతున్న కాళ్ళు తడబడతాయి. ఆ కుర్రాడికి తిశ్రం, చతురశ్రం అన్న పేర్లు తెలియవు. తేడా మాత్రం వేళ్ళకి తెలుసు.

ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేవకపోతే పాత నాగేశ్వరరావు పాట ఒకటి వేశాడు. ఇద్దరు అమ్మమ్మలు లేచారు. వాళ్ళు అలసిపోకముందే ఒక శ్రీకాకుళం జానపదానికి మారాడు. ఈసారి కోడళ్ళు లేచారు. ఎలా తెలుస్తుందని అడిగితే, "మొకాలు సూస్తే మోసపోతాం అక్కా. కాళ్ళు సూడాలి. కూకున్నోళ్ళ కాళ్ళు ఆడుతున్నాయంటే ఇంకో పాటకి లెగుస్తారు" అన్నాడు. రసం, సహృదయుడు, ఔచిత్యం అంటూ పాఠాలు చెప్పుకునేవాళ్ళం మనం. శ్రోత స్పందనని శ్రోత కన్నా ముందే పసిగట్టే ఈ చదువుని ఏమని పిలుద్దాం? ఆ రాత్రి అందరి భోజనాలూ అయ్యాక జనరేటరు అతనితో కలిసి ఆ కుర్రాడు బయట నిలబడి తిన్నాడు. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు. "చదువు అబ్బక ఆ డీజే పట్టుకు తిరుగుతున్నాడు" అని మా పిన్నిగారొకరు నాతో అన్నారు. అంతకు ముందు గంటసేపు ఆవిడే ఆడారు.

ఇప్పుడు కంప్యూటరే రెండు పాటల నడకనీ కలిపేస్తోంది, ఇక నైపుణ్యమెక్కడ అని ఒక అభ్యంతరం ఉంది. నిజమే, ఆ మీట ఒకటి వచ్చింది. మిక్సీ వచ్చాక రోలు ముందు కూర్చునే పని పోయింది. పచ్చడి రుచి మాత్రం ఇంటింటికీ వేరుగానే ఉంది. యంత్రం తీసుకున్నది చేతి కష్టాన్ని. ఏ పాట, ఏ పాట తర్వాత, ఎవరి ముందు, ఎంతసేపు అన్న నిర్ణయం ఇంకా మనిషి దగ్గరే ఉంది.

ఈ నిర్ణయాన్ని మనం సాహిత్యంలో ఎప్పుడో గౌరవించాం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని 'రాధికా సాంత్వనం' సంపూర్ణ ప్రతిని వావిళ్ళ ద్వారా అచ్చు వేయించింది. అందులో ఒక్క పద్యం కూడా నాగరత్నమ్మది కాదు. పాత ముద్రణలో ఏం మాయమైందో గుర్తించి, ఏది తిరిగి రావాలో తేల్చుకోవడమే ఆమె చేసిన పని. ఆ నిర్ణయం ఎంత పదునైనదో మరుసటి సంవత్సరం ప్రభుత్వ నిషేధమే చెప్పింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. సూసీ తారు, కె. లలిత రెండు సంపుటాలుగా తెచ్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా', ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు' స్త్రీవాద విమర్శకి పునాదులని మనమే అంటాం. అవి ఇతరుల రచనల సంకలనాలు కదా, వీళ్ళ ప్రతిభ ఏముందని అనం. పక్కన ఏది పెట్టామన్నదాన్ని బట్టి పద్యం అర్థం మారుతుందని మనకి తెలుసు. పాటకీ అదే వర్తిస్తుంది.

స్త్రీల పాటల దగ్గరికి వెళ్తే ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం 1991లో 'మెనీ రామాయణాస్' సంపుటంలో వచ్చింది. యుద్ధాలనీ పట్టాభిషేకాలనీ పక్కనపెట్టి, పురుళ్ళనీ అలకలనీ ఊర్మిళ నిద్రనీ ఏరుకున్న స్త్రీలు ఆ ఎంపికతోనే ఇంకో రామాయణం కట్టారని ఆ వ్యాసం మనకి చూపించింది. పెళ్ళిళ్ళలో పాట ఎత్తుకునే పెద్దముత్తైదువ కూడా ఇదే పని చేసేది. వియ్యపురాలి మొహం చూసి ఎకసెక్కెం పాట ఎంతదూరం లాగాలో, ఎక్కడ అప్పగింతల్లోకి దించాలో ఆమెకి తెలిసేది. ఆమెకి డబ్బు లేదు, పేరు లేదు, ఆ పనికి ఒక పేరు కూడా లేదు. గాజువాక కుర్రాడు ఆమె వారసుడంటే ఇద్దరిలో ఎవరికీ చిన్నతనం లేదు.

ముత్తైదువ నుంచి డీజే వరకూ వచ్చే దారిలో రేడియో ఉంది. డిస్క్ జాకీ అన్న మాట పుట్టింది కూడా అమెరికా రేడియోలోనే, రికార్డులు వేసి వాటి మధ్య మాట్లాడే మనిషికి పేరుగా. మనకి ఆ మనిషి మొదట కొలంబో నుంచి వినిపించింది. 1952లో సమాచార ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటకి చోటు కరువైతే శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957లో వివిధభారతి మొదలవడానికి అదొక కారణం. హిందీ శ్రోతలకి అక్కడ అమీన్ సయానీ ఉన్నాడు. తెలుగు శ్రోతలకి మీనాక్షీ పొన్నుదురై ఉండేది. సయానీ గురించి చెప్పేటప్పుడు ప్రతిభ, శైలి, యుగం అన్న మాటలు వాడతారు. 2024లో ఆయన చనిపోయినప్పుడు దేశమంతా అలాగే రాశారు, రాయవలసిందే. మీనాక్షీ పొన్నుదురై గురించి మనవాళ్ళు చెప్పుకునేది ఎక్కువగా 'తీయని గొంతు'. ఏ పాట తర్వాత ఏ పాట, ఉత్తరాల్లోంచి ఏ పేర్లు, ఎక్కడ మాట, ఎక్కడ మౌనం అన్న ఆ పని గొంతులో కరిగిపోయింది. మగవాడిది విద్య, ఆడదానిది ప్రకృతి వరం. ఈ విభజన మనకి ఎంత పాతదో చెప్పనక్కర్లేదు.

విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. ఓడరేవు కార్మికులకీ, ఆ తర్వాత ఉక్కునగరం కాపురాలకీ ఆ గొంతులే గడియారాలు. ఆ రోజుల్లో ఆడగొంతు మర్యాదగా ఇంట్లోకి రావాలంటే చుట్టరికం తగిలించుకుని రావడం సులువు. న్యాయపతి కామేశ్వరి 'రేడియో అక్కయ్య' అయింది, తర్వాతి తరంలో తురగా జానకీరాణిని కూడా అలాగే పిలిచారు. రాఘవరావుగారు కూడా 'రేడియో అన్నయ్య'యే కదా అంటారు. నిజమే. కానీ అన్నయ్యకి ఆ చుట్టరికం ముద్దుపేరు, అక్కయ్యకి అది ప్రవేశపత్రం కూడా. ఇక క్యాజువల్ అనౌన్సర్లుగా ఏళ్ళ తరబడి ఏ డ్యూటీకి ఆ డబ్బు తీసుకుని పనిచేసిన ఆడవాళ్ళ సంగతి ఏ సాహిత్య చరిత్రలోనూ ఉండదు.

ఇది మన ఒక్కళ్ళ రోగమేమీ కాదు. బీబీసీ రేడియో వన్‌లో తొలి మహిళా డీజే ఆనీ నైటింగేల్ 1970లో చేరింది. అంతకు ముందు ఆమెకి చెప్పిన కారణం వినండి. పగలు ఇంట్లో ఒంటరిగా ఉండే గృహిణికి డీజే భర్తకి ప్రత్యామ్నాయమట, అందుకని ఆడగొంతు పనికి రాదట. 1982లో జానిస్ లాంగ్ వచ్చేదాకా పన్నెండేళ్ళు ఆ స్టేషన్‌లో ఆమె ఒక్కతే. హిప్‌హాప్ పుట్టుక కథ కూడా చూడండి. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్టుమెంటు హాల్లో కూల్ హెర్క్ రికార్డులు వేసిన పార్టీని ఆ సంగీతానికి జన్మస్థలంగా చెబుతారు. ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ కాంప్‌బెల్. స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టాలని ఆమె హాలు అద్దెకి తీసుకుంది, టికెట్టు పెట్టింది. అన్నగారు సంగీతానికి తండ్రి అయ్యాడు. చెల్లెలు అదే కథలో ఒక ఆసక్తికరమైన వాక్యంగా మిగిలింది.

మన సినిమాలు ఈ పనిని ఎలా చూపించాయో కూడా గమనించాలి. 'డీజే టిల్లు' 2022లో వచ్చి పెద్ద విజయం సాధించింది. అందులో డీజే అన్నది హీరోకి ఒక స్టైలు, ఒక నడక, ఒక మాటతీరు. కథ హత్య చుట్టూ తిరుగుతుంది కానీ పని చుట్టూ తిరగదు. టిల్లు ఏ పాటని ఎందుకు ఎంచుకుంటాడో మనకి తెలియదు. అయినా డీజే అన్న మాట అతనికి బిరుదైంది, రాధిక అన్న పేరు మాత్రం కుర్రకారు నోట్లో ఆడపిల్లల్ని ఎత్తిపొడిచే మాటగా మారింది. అంతకు ముందు 2007లో వచ్చిన 'శంకర్‌దాదా జిందాబాద్'లో రేడియో జాకీ జాహ్నవి ఉంది. ఆమె గొంతు హీరో ప్రేమలో పడటానికి పనికొచ్చింది. ఆ గొంతు వెనక ఉద్యోగం ఉందని కథకి పెద్దగా పట్టలేదు.

హిందీలో 2017లో వచ్చిన 'తుమ్హారీ సులు' కొంత మెరుగు. సులోచన అనే గృహిణి రాత్రి కార్యక్రమానికి జాకీ అవుతుంది. అపరిచితుల ఒంటరితనాన్ని ఆమె నవ్వుతో, కూరగాయల బేరమాడే చాతుర్యంతో ఎలా సంబాళిస్తుందో సినిమా ఓపిగ్గా చూపిస్తుంది. ఇంటి పనిలో అలవడిన నేర్పే స్టూడియోలో నైపుణ్యమవుతుంది. కానీ కుటుంబం కన్నెర్ర చేసేసరికి ఉద్యోగం వదులుకున్న సులు, చివరికి స్టేషన్‌కి టిఫిన్లు సరఫరా చేసే కాంట్రాక్టుని కూడా నెత్తినెత్తుకుని మైకు దగ్గరికి తిరిగొస్తుంది. సినిమా దాన్ని విజయంగా చూపిస్తుంది. మైకు కోసం ఆమె గరిటె వదలనక్కర్లేదని సంతోషించాలా, గరిటె పట్టుకుంటే తప్ప మైకు దక్కలేదని బాధపడాలా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

తెర బయట విశాఖలో బీచ్‌రోడ్డు హోటళ్ళలో వాయించే ఒకమ్మాయితో మాట్లాడాను. 'లేడీ డీజే' అని పోస్టరు వేస్తారు. బుక్ చేసుకునేవాళ్ళు ఏ సంగీతం వాయిస్తావని అడిగేలోపే ఏ బట్టలు వేసుకుంటావని అడుగుతారట. బాగా వాయించిన రాత్రి ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, "ఇదంతా ఎవరు మిక్స్ చేసిచ్చారు?" అంటారట. ఆమెకి నేర్చుకునే చోటు దొరకడమే కష్టమైంది. సౌండు షాపులో అర్ధరాత్రి దాకా కూర్చుని, సామాను వ్యానులో ఊళ్ళు తిరిగి నేర్చుకునే విద్య ఇది. ఆ షాపు, ఆ వ్యాను, ఆ అర్ధరాత్రి ఆడపిల్లకి అందవు. అందకుండా చేసి, ఆడవాళ్ళకి ఈ నైపుణ్యం రాదని తీర్పు చెప్పడం తేలిక.

ఇక్కడ మనం సాధారణంగా తప్పించుకునే ఒక పేరుని ఎత్తాలి. రికార్డింగ్ డాన్స్. జాతరల్లో, సంక్రాంతి రోజుల్లో కోస్తా ఊళ్ళలో కట్టిన వేదికల మీద రికార్డు పాటకి ఆడిన స్త్రీల వృత్తి అది. పేరులోనే రికార్డు ఉంది. జనం మూడ్ చూసి పాట మార్పించుకోవడం, గోల చేసే గుంపుని ఒక సైగతో అదుపులో పెట్టడం, ఒంటి మీద చెయ్యి పడకుండా రాత్రంతా వేదికని నిలబెట్టుకోవడం వాళ్ళ పని. అదే రికార్డుని తిప్పేవాడు ఇవాళ డీజే అయి, సినిమాకి టైటిల్ అయ్యాడు. ఆ రికార్డుకి ఆడిన స్త్రీ పేరు తిట్టుగా మిగిలింది. కుల వృత్తులకీ ఇలాగే జరిగింది. మేళం లేకుండా తాళి కట్టరు, కానీ సన్నాయి ఊదిన మంగలి కళాకారుడికి పెళ్ళిపందిట్లో కుర్చీ వెయ్యరు. డప్పు లేకుండా జాతర లేదు, డప్పు కొట్టే మాదిగకి గుడి లోపల చోటు లేదు. శబ్దం శుభం, శబ్దం చేసినవాడు అంటు. డీజే కుర్రాడు బయట నిలబడి తినడానికి ఇంత చరిత్ర ఉంది. అందుకే డీజేకి గౌరవం కావాలనే వాదన ఏసీ హోటళ్ళలో ఖరీదైన కన్సోల్ వెనక నిలబడ్డ మగవాడి దగ్గరే ఆగిపోతే నాకు అభ్యంతరం. ఇస్తే ఈ వరస మొత్తానికీ ఇవ్వాలి.

మరి బాక్సుల మోత మాటేమిటి? శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లోనే వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగ స్థలాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. పసిపిల్లల తల్లులూ, గుండెజబ్బువాళ్ళూ పడే బాధ నిజం, దాన్ని నేను తక్కువ చెయ్యను. అంతకన్నా నన్ను బాధపెట్టేది ఇంకోటుంది. ఊరేగింపు ఆడపిల్లల హాస్టలు ముందుకి రాగానే సరిగ్గా ఆ పాటే వేస్తారు. ఏ పాటో మీకందరికీ తెలుసు, దాటి వెళ్ళేదాకా కిటికీలు మూసుకున్నవాళ్ళం. అడిగితే, "జనం అడిగారు, వేశాం" అంటారు.

నా వాదన ఈ జవాబు దగ్గరికే వస్తుంది. ఎంపిక విద్య అయితే ఎంపికకి బాధ్యత కూడా ఉంటుంది. జనాన్ని లేపిన పాటకి చప్పట్లు తీసుకుని, హాస్టలు ముందు వేసిన పాటకి మాత్రం "నేను మీట నొక్కానంతే" అనడం కుదరదు. మీట నొక్కేవాడైతే గౌరవం అడగకూడదు, గౌరవం కావాలంటే వేసిన పాటకి జవాబు చెప్పాలి. తన నవలలోని స్త్రీపాత్రకి రచయితని మనం నిలదీస్తాం, ఎందుకంటే అతన్ని కర్తగా గుర్తించాం. డీజేని నిలదీయకపోవడం దయ అనిపించుకోదు, చిన్నచూపు అనిపించుకుంటుంది. స్త్రీల రచనల్ని కూడా చాలాకాలం ఇలాగే "బాగుందమ్మా" అని భుజం తట్టి వదిలేశారు. విమర్శకి అర్హురాలిగా చూడటమే మొదటి గౌరవమని ఆ అనుభవం మనకి నేర్పింది.

కాబట్టి విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. 2020లో 'పలాస 1978' సినిమాలో వచ్చిన ఉత్తరాంధ్ర జానపదం డీజే బాక్సుల మీద ఊరూరా మోగింది. ఆ వరస సినిమాకి ముందు ఎవరి నోళ్ళలో ఉండేది, రీమిక్సులో ఏ చరణం మిగిలింది, ఏది పోయింది, ఆ కత్తిరింపు ఎవరి నిర్ణయం అన్నది పాఠపరిష్కరణ ప్రశ్నే. ఒక డీజే రాత్రి మొత్తం వరసని రాసుకుని, సంకలనాన్ని సమీక్షించినట్టు సమీక్షించవచ్చు. క్యాజువల్ అనౌన్సర్లుగా పనిచేసిన పెద్దవాళ్ళు విశాఖలో ఇంకా మన మధ్య ఉన్నారు. రికార్డింగ్ డాన్స్ చేసిన స్త్రీలు ఉన్నారు, తమ పని గురించి, అందులోని తెలివి గురించి అడిగితే చెప్పగలిగిన వయసులోనే ఉన్నారు. వాళ్ళ కష్టాలు రాసుకోవడానికి చాలామంది వెళ్ళారు. వాళ్ళకి ఏం తెలుసో రాసుకోవడానికి ఇప్పుడు వెళ్ళాలి.